మన్యంలో బుద్ధి, బడి

1909లో మద్రాసు నుంచి ఏడు సంపుటాల గ్రంథం ఒకటి వెలువడింది. దక్షిణ భారతంలోని కులాలూ తెగలూ దాని విషయం. రాసినవాడు మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్. ఆయనకు తోడుగా పనిచేసినవారు కె. రంగాచారి. తలల పొడవు వెడల్పులూ ముక్కుల ఎత్తు వెడల్పులూ కొలిచి, ఆ అంకెలను బట్టి మనుషులను పైమెట్టు మీదో కిందిమెట్టు మీదో నిలబెట్టవచ్చని ఆ కాలపు శాస్త్రం నమ్మింది. థర్‌స్టన్ కూడా అలాంటి కొలతలు విస్తారంగా తీసుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పర్లాకిమిడిలో ఒక బడిపంతులు అలాంటి మన్యం తెగ ఒకదాని దగ్గరకు వేరే దారిలో వెళ్తున్నారు. ఆయన గిడుగు రామమూర్తి. తెలుగు వచ్చిన ఒక సవర తెగవాణ్ణి ఆసరా చేసుకుని సవర భాష నేర్చుకున్నారు. గూడేలకు తిరిగారు. ఆ భాషలో వాచకాలు తయారు చేసి, చేతి డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. మన్యపు జ్వరం పట్టి, దానికి మింగిన క్వినైన్ వల్ల వినికిడి పోయిందని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడిగా గిడుగును తెలుగువాళ్ళందరూ ఎరుగుదురు. సవర బడి పంతులుగా ఆయనను తలుచుకునేవాళ్ళు తక్కువ. నా దృష్టిలో ఈ రెండో పని మొదటిదానికంటే ఏ మాత్రం చిన్నది కాదు.

తెలివి పుట్టుకతో వచ్చేదా, చదువుతో పెరిగేదా అన్న చర్చను వీళ్ళిద్దరితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. పుర్రె కొలతలను తెలివికి గుర్తుగా తీసుకునే జీవశాస్త్రవేత్త ఈరోజు ఎవరూ లేరు. కానీ వాటి వెనకాల ఉన్న నమ్మకం మాత్రం చావలేదు. అరకులోనో, పాడేరులోనో, సీతంపేటలోనో మైదానం నుంచి వచ్చిన ఉద్యోగుల మాటల్లో అది ఇప్పటికీ వినబడుతుంది: "వీళ్ళకి చదువు అబ్బదండీ, ఎంత చెప్పినా బుర్రకెక్కదు." ఈ మాట అనేవాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కారు. పిల్లలు పాఠం అందుకోలేకపోవడం వాళ్ళు కళ్ళారా చూస్తున్నారు. చూసినది నిజమే, దానికి చెప్పుకున్న కారణమే తప్పు. ఆ తప్పు ఏమిటో చూపించడానికే ఈ అధ్యాయం.

తెలివి వంశంలో దిగివస్తుందన్న వాదానికి శాస్త్రరూపం ఇచ్చినవాడు ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్. 1869లో ఆయన రాసిన పుస్తకం గొప్పవాళ్ళ ఇళ్ళలోనే గొప్పవాళ్ళు పుడుతున్నారని లెక్కలు కట్టి చూపింది. గొప్పవాళ్ళ ఇళ్ళలో పుస్తకాలూ పలుకుబడీ తీరికా కూడా ఉంటాయన్న సంగతికి ఆయన తగినంత విలువ ఇవ్వలేదు. 1905లో ప్యారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ మొదటి బుద్ధి పరీక్ష తయారుచేశారు. బడిలో వెనకబడిన పిల్లలెవరో గుర్తించి, వాళ్ళకు ప్రత్యేకంగా చదువు చెప్పించాలన్నదే దాని ఉద్దేశం. తన పరీక్షలో వచ్చిన మార్కు పిల్లవాడి నుదుటిరాత అని బినే ఎన్నడూ అనలేదు. పైగా, తెలివి పెరగదని తేల్చేసేవాళ్ళ మీద 1909లోనే ఘాటుగా రాశాడు. ఆయన 1911లో పోయాడు. అమెరికా చేరిన ఆ పరీక్ష, బినే దేనికి భయపడ్డాడో సరిగ్గా దానికే పనికొచ్చింది.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా ఒప్పుకోవాలి. పుట్టుకకు పాత్ర లేదనడం శాస్త్రం కాదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల బుద్ధి పరీక్ష మార్కులు, వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలల మార్కులకంటే బాగా దగ్గరగా ఉంటాయి. ఈ ఫలితం ఎన్నోసార్లు, ఎన్నో దేశాల్లో వచ్చింది. ఒక సమాజంలో పెద్దవాళ్ళ మధ్య కనిపించే తేడాల్లో సుమారు సగమో, అంతకంటే ఎక్కువో జన్యువుల తేడాలతో ముడిపడి ఉందని ఈ పరిశోధనల సారాంశం. అయితే తెలివి జన్యువు అంటూ ఒకటి లేదు. వేలకొద్దీ జన్యు తేడాలు ఒక్కొక్కటీ అతి కొద్దిగా ప్రభావం చూపుతాయి.

చాలామంది పొరపడేది ఆ "సగం" దగ్గరే. ఆ లెక్క ఒక గుంపు లోపలి తేడాల గురించి చెబుతుంది. రెండు గుంపుల మధ్య తేడా ఎందుకొచ్చిందో అది చెప్పదు. అమెరికా జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1970లో దీన్ని విత్తనాల పోలికతో వివరించాడు. మన కొండల మాటల్లో చెప్పుకుందాం. ఒకే గాదెలోని చోళ్ళ విత్తనాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక చేతిది వాగు పక్కన మెత్తటి నేలలో, ఇంకో చేతిది మట్టి కొట్టుకుపోయిన పోడు వాలులో చల్లండి. వాగు పక్క మడిలో మొక్కకూ మొక్కకూ ఎత్తులో ఉన్న తేడా విత్తనం వల్ల వచ్చిందే, నేల అంతా ఒకటే కాబట్టి. వాలు మీది మొక్కల మధ్య తేడాకూ అదే కారణం. కానీ వాగు మడికీ వాలుకీ మధ్య ఉన్న తేడా మొత్తం నేలది. విత్తనానికి అందులో భాగం లేదు. విశాఖపట్నంలోని పిల్లలనూ పెదబయలు కొండల్లోని పిల్లలనూ పక్కపక్కన పెట్టి "పుట్టుక" అని తేల్చేవాళ్ళు ఈ ఒక్క మెట్టు దగ్గరే జారిపోతున్నారు.

అమెరికాలో ఎరిక్ టర్కైమర్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధన ఇంకో సంగతి బయటపెట్టింది. కలిగిన ఇళ్ళలో ఏడేళ్ళ కవలల మార్కుల తేడాల్లో జన్యువుల వాటా పెద్దది. బాగా పేద ఇళ్ళలో ఆ వాటా సున్నాకు దగ్గరగా వచ్చింది. ఐరోపాలో, ఆస్ట్రేలియాలో ఇంత తేడా కనబడలేదు. బడీ వైద్యమూ అందరికీ అందే దేశాల్లో పేదరికం పిల్లలను అంతగా తొక్కదన్నది దానికి ఒక వివరణ. ఎదగడానికి అవకాశమే లేనిచోట ఎవరిలో ఏముందో బయటపడే దారి కూడా ఉండదు.

మరి చదువు తెలివిని పెంచుతుందా? ఈ ప్రశ్నకు ఇప్పుడు గట్టి జవాబు ఉంది. నార్వే తన నిర్బంధ విద్యను ఏడేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళకు పెంచింది. అది 1955 నుంచి 1972 దాకా ఒక్కో మునిసిపాలిటీలో ఒక్కో ఏడు అమలైంది. అంటే పక్కపక్క ఊళ్ళలో ఒకే వయసు పిల్లలు, కొందరికి ఎక్కువ చదువు, కొందరికి తక్కువ. సైన్యంలో చేరే వయసులో అబ్బాయిలందరికీ పెట్టే బుద్ధి పరీక్ష మార్కులు తీసి చూస్తే, అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి 3.7 పాయింట్లు పెరిగినట్టు తేలింది. 2018లో స్టువర్ట్ రిచీ, ఇలియట్ టక్కర్‌డ్రోబ్ ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి, ఆరు లక్షలమందికి పైగా మనుషుల లెక్కలు చూశారు. ఒక్కో ఏడాది చదువుకు 1 నుంచి 5 పాయింట్లు పెరుగుతాయని వచ్చింది. ఆ పెరుగుదల ముసలితనం దాకా నిలిచే ఉంది.

పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ చూపించినది ఇంకా పెద్ద విషయం. దేశాలకు దేశాలే తరం తరానికీ మార్కులు పెంచుకుంటూ వచ్చాయి. హాలండులో సైన్యానికి వచ్చిన కుర్రవాళ్ళు 1952 నుంచి 1982 లోపల 20 పాయింట్లు పైకి వెళ్ళారు. అదీ బొమ్మల పరీక్షలో. భాషతో, చదువుతో సంబంధం లేదని అందరూ అనుకున్న పరీక్ష అది. నవోదయ ప్రవేశ పరీక్షలో మన పిల్లలు రాసే మేధాశక్తి ప్రశ్నలకు అది పెద్దన్న లాంటిది. ముప్పై ఏళ్ళలో ఏ జాతి జన్యువులూ మారవు. మన దేశంలో షెడ్యూల్డు తెగల అక్షరాస్యత 1961లో 8.5 శాతం, 2011లో 59 శాతం. అక్షరం రాకపోవడానికి రక్తమే కారణమైతే యాభై ఏళ్ళలో ఇంత మార్పు ఎలా సాధ్యం? ఈ కొండలకు బడి ఆలస్యంగా రావడానికి కారణం చట్టాల్లోనే కనబడుతుంది. 1839లో గంజాం, విశాఖపట్నం కొండలను మామూలు పాలన నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు చేతికి అప్పగించారు. ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చిందే. మైదానంలో బడీ కోర్టూ కాలేజీ పెరుగుతున్న వందేళ్ళూ మన్యం విడిగా ఉండిపోయింది.

బడికంటే ముందు ఒళ్ళు. గర్భంలో ఉన్న బిడ్డ మెదడు సరిగ్గా అల్లుకోవడానికి తల్లి థైరాయిడ్ హార్మోను కావాలి, ఆ హార్మోనుకు అయోడిన్ కావాలి. భారీ వానలకు కొండ నేలల్లోని అయోడిన్ కొట్టుకుపోతుంది. ఆ నేలలో పండిన తిండిలోనూ అది ఉండదు. అయోడిన్ బాగా లోపించిన ప్రాంతాల పిల్లల బుద్ధి పరీక్ష మార్కులు సగటున పది పాయింట్లకు పైగా తగ్గినట్టు అనేక దేశాల అధ్యయనాల్లో తేలింది. మన దేశం 1962లోనే గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. అయోడిన్ కలిపిన ఉప్పు ప్యాకెట్టు ఎంత చవకైన వస్తువో, అంత విలువైన చదువు సామగ్రి. మలేరియా సంగతీ అంతే. మెదడుకు సోకిన మలేరియా నుంచి బయటపడిన ఉగాండా పిల్లల్లో, రెండేళ్ళ తర్వాత కూడా నాలుగింట ఒకరిలో ఆలోచనాశక్తి దెబ్బతిని కనబడింది. పాడేరు ఏజెన్సీలో వానాకాలం జ్వరాలంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. దోమతెర, సకాలంలో రక్త పరీక్ష, గర్భిణికి రక్తహీనత మాత్రలు: బుద్ధి గురించి మాట్లాడేవాళ్ళు వీటి గురించీ మాట్లాడాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కొలిచేవాళ్ళు దేన్ని తెలివి అంటున్నారు?

అరకు సంతలో అల్లమో రాజ్‌మానో ముందు పోసుకుని కూర్చున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. కిలోలూ తరాజులూ వచ్చినా ఉత్తరాంధ్ర పల్లెల్లో పాత కొలతలు పెద్దలకు ఇంకా గుర్తే. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. కుంచం గింజలు 160 రూపాయలు. "అడ్డ మీద తవ్వ" కావాలి బేరగాడికి. అమ్మాయి లోపల నడిచే లెక్క ఇది: కుంచం 160 అయితే అడ్డ 80, మానిక 40, తవ్వ 20, ఎనభై మీద ఇరవై, వంద. కాగితం, కలం లేవు. ఇదే లెక్కను బడి భాషలోకి మార్చితే, 160లో ఎనిమిదింట ఐదు వంతులు కట్టాలి. ఐదో తరగతి పలక మీద ఆ భిన్నం రాసిచ్చి చేయమంటే అదే పిల్ల బిక్కమొహం వేయవచ్చు. సగానికి సగం చేసుకుంటూ వెళ్ళి, కావలసిన ముక్కలను కలుపుకోవడం మంచి గణితం. బడి ఆ గణితాన్ని గుర్తుపట్టదు.

ఇది ఊహ కాదు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లలతో పరిశోధకులు కొనుగోలుదార్లలా బేరమాడారు. తర్వాత అవే లెక్కలను కాగితం మీద ఇచ్చారు. 1985లో వెలువడిన ఫలితం: బేరంలో 98 శాతం సరైన జవాబులు, కాగితం మీద వట్టి అంకెలుగా ఇస్తే 37 శాతం. 2025లో కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసిన పెద్ద అధ్యయనమూ ఇదే చెప్పింది. బజారు లెక్కల్లో దిట్టలైన పిల్లలు బడి లెక్కల్లో తడబడ్డారు. దానితోపాటు ఇంకొకటి కూడా తేలింది. బడి లెక్కలు చక్కగా చేసే పిల్లలను బజారు లెక్క అడిగితే వాళ్ళూ తేలిపోయారు. కాబట్టి ఎవరికి తెలివి తక్కువ అన్న ప్రశ్న ఇక్కడ పొసగదు. రెండు లెక్కల మధ్య వంతెన కట్టడం బడి పని. ఆ వంతెన ఇరుపక్కలా లేదు.

సవర పిల్లల సంగతి ఇంకా ఆసక్తికరం. మనం పది మీద లెక్కపెడతాం. సవర భాషలో పన్నెండు దాకా వెళ్ళి, పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు అని నడుస్తుంది. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. తర్వాత ఇరవైని ఒక గుంపుగా తీసుకుంటారు. ముప్పై తొమ్మిది అంటే ఇరవై, పన్నెండు, ఏడు. తొంభై మూడు అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. పన్నెండు, ఇరవై అనే రెండు మెట్లను కలిపి వాడే ఇలాంటి లెక్క ప్రపంచ భాషల్లో అరుదు. ఇంట్లో ఈ లెక్క వింటూ పెరిగిన ఆరేళ్ళ పిల్లకు ఒకటో తరగతిలో ఒక్కసారిగా పదుల స్థానం, ఒకట్ల స్థానం అని, అదీ రాని భాషలో చెబితే, ఆమె మౌనంగా ఉండిపోవడం సహజం. ఆ మౌనాన్నే మందబుద్ధి అని రాసుకుంటున్నాం. గణితం తెలిసిన టీచరుకు ఇది దొరికిన వరం. ఒకే సంఖ్యను రెండు పద్ధతుల్లో విడగొట్టి, రెండూ సమానమేనని పిల్లల చేతనే చూపించవచ్చు. మైదానం బడుల్లో ఆ పాఠం పైతరగతులకు గానీ రాదు.

రాని భాషలో చదువు పిల్లలను వెనక్కి లాగుతుందన్నది సరే, మరి ఇంటి భాష బుర్రను వెనక్కి లాగుతుందా? తెగ భాష వదిలేస్తేనే పిల్లలు బాగుపడతారని చాలామంది తల్లిదండ్రులు కూడా నమ్ముతున్నారు. దీనికి జవాబు తూర్పు కనుమల్లోనే దొరికింది. ఒడిశాలోని అప్పటి ఫుల్బని జిల్లాలో కొంధుల్లో కొన్ని ఊళ్ళవాళ్ళు కుయీ భాషను పూర్తిగా వదిలి ఒడియాలోకి మారిపోయారు. మరికొన్ని ఊళ్ళవాళ్ళు కుయీ, ఒడియా రెండూ మాట్లాడతారు. తెగ ఒకటే, పేదరికం ఒకటే, తేడా భాషలదే. మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ మొహంతి, ఆయన సహచరులు 1980లలో ఈ రెండు రకాల పిల్లలనూ పోల్చి చూశారు. రెండు భాషల పిల్లలే ముందున్నారు. భాష గురించి ఆలోచించే పరీక్షల్లోనూ, సాధారణ బుద్ధి పరీక్షల్లోనూ కూడా. బడి ముఖం చూడని పిల్లలను పోల్చినప్పుడు కూడా మొగ్గు రెండు భాషల వైపే ఉంది. రెండు భాషల వల్ల తెలివి పెరుగుతుందా అన్నదాని మీద ఇతర దేశాల్లో ఇప్పుడు వాదోపవాదాలు నడుస్తున్నాయి, వాటిని నేను తోసిపుచ్చను. ఈ కొండల్లో మాత్రం అమ్మ భాష బుద్ధికి అడ్డం కాదని చెప్పడానికి ఈ పరిశోధన చాలు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఈ దిశగా ఒక అడుగు వేసింది. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కోలామి, బంజారా, మొత్తం ఎనిమిది భాషల్లో ఒకటో తరగతి నుంచి వాచకాలు తయారుచేసి, మొదట 240 బడుల్లో ప్రవేశపెట్టింది. లిపి తెలుగే. పిల్లలు తమ మాటలతో అక్షరాలు నేర్చుకుని, ఆ అక్షరాలతోనే క్రమంగా తెలుగులోకి వస్తారు. పుస్తకాల్లో వాళ్ళ పండుగలూ కథలూ అడవీ ఉన్నాయి. వాటిని రాసేటప్పుడు ఆ తెగల టీచర్లూ పెద్దలూ కూర్చున్నారు. గిడుగు ఒంటిచేత్తో చేసిన పని వందేళ్ళ తర్వాత ప్రభుత్వ పథకమైంది. ఇలాంటి పథకం నిలబడేది టీచరు మీద. భాష వచ్చిన టీచరు బదిలీ అయిన రోజున ఆ వాచకం బీరువాలోకి వెళ్తుంది. ఇది పుస్తకం ముద్రించినంత తేలిక కాదు, అయినా దీన్ని మించి సార్థకమైన ఖర్చు ఏదీ లేదని నా అభిప్రాయం.

ఆ ఎనిమిది భాషల జాబితాలో గదబ లేదు, పోర్జ లేదు. అరకు, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు చుట్టుపక్కల ఈ తెగల ఊళ్ళున్నాయి. అక్కడి పిల్లకు ఇంట్లో ఒక భాష, సంతలో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, ఇప్పుడు పాఠ్యపుస్తకంలో ఎదురు పేజీ మీద ఇంగ్లీషు. ఆరేళ్ళకే రెండు భాషల్లో బేరమాడగల పిల్ల బడి రిజిస్టరులో ఏమీ రాని పిల్లగా నమోదవుతోంది. ఆ ఊళ్ళలో ఇప్పుడు ఇంటరూ డిగ్రీ చదివిన యువతీయువకులు ఉన్నారు, పాటలూ కథలూ తెలిసిన ముసలివాళ్ళు ఉన్నారు, రాసుకోవడానికి లిపి ఉంది. ఒకటో తరగతిలో ఆ యువతీయువకులలో ఒకరిని టీచరు పక్కన కూర్చోబెట్టడంతో మొదలుపెట్టవచ్చు, వచ్చే జూన్ నుంచే.